పికప్ పిచ్చి

సున్నా నుంచి వందకి ఏడు సెకన్ల లోపు. 2021లో నేనొక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నది ఈ ఒక్క అంకె చూసి. అంతకుముందున్న కారుకి అదే వంద అందుకోవడానికి కంపెనీ లెక్క ప్రకారం 9.7 సెకన్లు పట్టేది. తేడా మూడు సెకన్లు కూడా లేదు. ఆ కాస్త తేడాకి నేను పోసిన డబ్బుతో ఊళ్లో ఇంటి మీద ఇంకో అంతస్తు లేచేదని మా ఆవిడ లెక్క కట్టింది. ఆ లెక్క తప్పని ఇంతవరకు నిరూపించలేకపోయాను.

అంతకుముందున్నది ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. 2013లో మన మార్కెట్లోకి వచ్చింది, మరుసటి ఏడాది నేను కొన్నాను. 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 105 పీఎస్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. పొడవు 4 మీటర్ల లోపు, ఇంజను 1200 సీసీ లోపు కాబట్టి పన్నుల్లో చిన్న కారే. చూడ్డానికి కూడా మామూలు పోలోయే, వెనకాల చిన్న బ్యాడ్జీ తప్ప. సిగ్నల్ దగ్గర పక్కన ఆగినవాడికి ఇదేమిటో తెలియకపోవడం నాకు భలే ఇష్టంగా ఉండేది.

ఆ కారు పోవడానికి సగం కారణం వాన, సగం కారణం నేను. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్ మీద పడిన వాన ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి నీళ్లు వచ్చాయి. మోటార్లు పెట్టి తోడాక కిందికి దిగి చూస్తే బండి పైకి బాగానే ఉంది. బురద మరక డోర్ల దాకా ఉంది కానీ బానెట్ మీద లేదు. స్టార్ట్ అవుతుందేమో చూద్దామని తాళం తిప్పాను.

తిప్పకూడదు. ఇంజను సిలిండర్‌లో గాలి ఉంటే పిస్టన్ దాన్ని నొక్కుతుంది, గాలి నలుగుతుంది. నీళ్లు నలగవు. పైకి వచ్చే పిస్టన్ ఆ నీళ్లని నొక్కలేక ఆగిపోతే, దాన్ని తోస్తున్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మునిగిన బండికి చేయాల్సిందల్లా బ్యాటరీ వైరు తీసి, టోయింగ్ బండిని పిలిచి, గ్యారేజీకి మోయించడమే. ఈ సంగతి నాకు తెలియదని కాదు. ఎప్పుడో ఎక్కడో చదివాను. చెయ్యి ఆగలేదు, అంతే.

తర్వాత సర్వేయర్ వచ్చి మొదటగా అడిగిన మాట, "స్టార్ట్ చేశారా సార్?" అని. చేశానన్నాను. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ వరదలో తడిసిన సీట్లకీ వైరింగుకీ డబ్బిస్తుంది. నీళ్లున్న ఇంజన్ని తిప్పడం వల్ల పోయిన భాగాలకి ఇవ్వదు, దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అని వేరే కవర్ ఉంటుంది. బండి పాతదైంది, ఇంకెందుకులే అని అంతకుముందు రెన్యువల్‌లో ఆ కవర్ తీసేయించిన ఘనుణ్ని కూడా నేనే. రిపేరు ఖర్చు బండికి ఒప్పుకున్న విలువలో 75 శాతం దాటితే పాలసీ ప్రకారం అది టోటల్ లాస్. నా విషయంలో ఇంజను లెక్కలోకే రాలేదు కాబట్టి ఆ గీత దాటలేదు. ఇంజను బాగుచేయించడానికి గ్యారేజీ చెప్పిన అంచనా దాదాపు బండి ధరంత ఉంది. ఉన్నదున్నట్టు అమ్మేశాను. ఎంతకన్నది అడగొద్దు.

ఇక దాని స్థానంలో ఏం కొనాలన్నది. నేను వెతుకుతున్న రకం కార్లకి అది చెడ్డ కాలం. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధన వచ్చింది. కొద్దిమందే కొనే ఇలాంటి వాటి ఇంజన్లని మళ్లీ కొత్త ప్రమాణాలకి తీర్చిదిద్దడానికి ఏ కంపెనీకి మాత్రం ఓపిక? మారుతీ బలేనో ఆర్‌ఎస్ పోయింది. టాటావారు కోయంబత్తూరు జయం సంస్థతో కలిసి చేసిన టియాగో జేటీపీ పోయింది. ఫియట్ అప్పటికే ఇక్కడ దుకాణం సర్దేసింది కాబట్టి 145 హార్స్‌పవర్ల అబార్త్ పుంటో సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా స్పేర్లకి ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియదు. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 బయటినుంచి తెచ్చిందే 200 కార్లు. కొత్త పోలో జీటీ అప్పట్లో ఉంది కానీ అందులో 1.0 లీటరు మూడు సిలిండర్ల ఇంజను. నిజానికి పవర్ 110 పీఎస్, నా పాతదానికన్నా ఎక్కువే. టార్క్ సరిసమానం. అయినా "మూడు సిలిండర్లా?" అని పెదవి విరిచాను. టెస్ట్ డ్రైవ్‌కి కూడా వెళ్లలేదు. ఆ నవంబరులోనే టర్బో ఇంజనుతో కొత్త ఐ20 వచ్చింది, 120 పీఎస్. మా బావమరిదికి ఐ20 ఉంది. అతని దగ్గరున్న కారే నేనూ కొంటే ఏం గొప్ప? అలాంటి కారణాలతో కూడా మనిషి లక్షల నిర్ణయాలు తీసుకుంటాడు, నేనే సాక్ష్యం.

పైగా పోయినదాని లోటు తీరాలంటే దానికన్నా పెద్దది కావాలనిపించింది. కాగితం మీద ఎక్కువ గుర్రాలు, తక్కువ సెకన్లు. రాత్రిళ్లు కూర్చుని ఒక పట్టిక తయారుచేశాను: హార్స్‌పవర్, టార్క్, సున్నా నుంచి వంద, టాప్ స్పీడ్. ఇప్పుడు ఆ పట్టిక చూస్తే నవ్వొస్తుంది. అందులో టైరు సైజు లేదు. గ్రౌండ్ క్లియరెన్స్ లేదు. మా అమ్మ మోకాళ్లు లేవు.

చివరికి బెంగళూరులో ఒక కారు దొరికింది. యూరప్ కంపెనీ సెడాన్, రెండు లీటర్ల టర్బో, రెండు వందలు దాటిన హార్స్‌పవర్. పేరు చెప్పను, ఎందుకంటే ఈ కథలో దాని తప్పేమీ లేదు. ఆదివారం తెల్లవారుజామున హెబ్బాళ నుంచి ఎయిర్‌పోర్టు రోడ్డు మీద నడిపి చూశాను. ఖాళీ రోడ్డు, నున్నటి రోడ్డు, తిన్నని రోడ్డు. పెడల్ తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోయింది. దిగీ దిగగానే బేరం మాట్లాడాను. సర్వీసు కాగితాలు చూశాను, రీడింగ్ చూశాను, యాక్సిడెంట్ అయిందేమో పెయింటు చూశాను. నేను రోజూ తిరిగే రోడ్డు మాత్రం ఒక్క మీటరు కూడా అక్కడ లేదన్నది తట్టలేదు.

ఒక మాట చెప్పాలి. ఆ కారుని హైదరాబాద్ తీసుకొస్తున్న రోజు ఆనందం నిజమైనదే. పెనుకొండ, అనంతపురం, గుత్తి, డోన్, కర్నూలు, అంతా 44వ నంబరు జాతీయ రహదారి. లారీని దాటాలంటే చిటికెలో పని. గుత్తి దాటాక టీకి ఆగినప్పుడు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసుకున్నాను. ఆ కారుకి తగిన రోడ్డు ఇదీ. ఆ రోడ్డు మీద నేను ఉండేది ఏడాదిలో ఎన్ని రోజులన్నది వేరే ప్రశ్న.

మిగతా రోజులు మా కాలనీ. స్పీడ్‌బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలతో సహా రాసిపెట్టింది: ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, పైన మెల్లగా వంపు. అలా కడితే ఎంత కిందికున్న కారైనా దాటుతుంది. మా కాలనీలో రాత్రికి రాత్రి పోసిన సిమెంటు దిమ్మకి ఎత్తు ఒక్కటే ఉంది, వెడల్పు లేదు. నలుగురు ఎక్కితే కారు పొట్ట గీసుకునేది. అందుకని ఒకరు దిగి నడిచేవాళ్లు. చాలాసార్లు అది మా ఆవిడే. "ఏమండీ, ఇంత డబ్బు పోసి కారు కొనుక్కుంది నన్ను నడిపించడానికా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

టైర్ల సంగతి మరీ విడ్డూరం. టైరు మీద 225/40 అని రాసి ఉంటే, 225 మిల్లీమీటర్లు వెడల్పు, అందులో 40 శాతం పక్కగోడ ఎత్తు. అంటే 90 మిల్లీమీటర్ల రబ్బరు. గుంతకీ అల్లాయ్ చక్రానికీ మధ్య ఉన్నది అంతే. పాత పోలోకి 185/60, అంటే 111 మిల్లీమీటర్లు. ఆ రెండు సెంటీమీటర్ల తేడా మలుపులో స్టీరింగ్‌కి పదును ఇస్తుంది, మా రోడ్డులో టైరు పక్కన బుడగ లేపుతుంది. బుడగ లేచిన టైరుకి పంక్చర్ వేసినట్టు అతుకు వేయరు, మార్చడమే. ఒకటి మారిస్తే అరుగుదల సమానంగా ఉండాలని అదే ఇరుసుకున్న రెండోది కూడా మార్చాల్సి వచ్చేది. ఆ సైజు ఊళ్లో స్టాకు ఉండేది కాదు, తెప్పించాలి.

రెండోసారి బుడగ వచ్చినప్పుడు మా మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. చుట్టూ తిరిగి చూసి, చక్రం తట్టి, "సార్, గీ బండి మంచిగనే ఉంది. మీ గల్లీనే మంచిగ లేదు" అన్నాడు. నేను రాత్రిళ్లు కూర్చుని తయారుచేసిన పట్టిక మొత్తం కన్నా ఆ ముక్కలో తెలివి ఎక్కువుంది.

అమ్మ మాత్రం ఫిర్యాదు చేసే మనిషి కాదు. సీటు కిందికి ఉండటం వల్ల ఎక్కడం ఒక తంటా, దిగడం రెండు తంటాలు. ఒకరోజు గుడి దగ్గర దిగడానికి నా చెయ్యి పట్టుకుని, "ఒరే, పీట మీంచి లేచినట్టుందిరా, ఈ వయసులో నాకెందుకీ కసరత్తు" అని నవ్వేసింది. ఆ తర్వాత నుంచి ఎక్కడికైనా వెళ్లాలంటే ఆటో పిలిపించుకోవడం మొదలుపెట్టింది. వద్దని అనలేకపోయాను. ఇంటి ముందు అంత ఖరీదైన కారు ఉండగా ఇంట్లో పెద్దావిడ ఆటోలో వెళ్తోంది.

డబ్బు సంగతి తొందరగా చెప్పి వదిలేస్తాను. అప్పట్లో మామూలు పెట్రోలు 91 ఆక్టేన్. ఆ ఇంజనుకి 95 పైన కావాలి, తక్కువది పోస్తే ఇంజనే తనని తాను కాపాడుకోవడానికి స్పార్కుని వెనక్కి జరుపుకుని పవర్ తగ్గించుకుంటుంది. అంటే నేను డబ్బిచ్చి కొన్న గుర్రాల్లో కొన్ని పెట్రోలు బంకు దగ్గరే దిగిపోయేవి. 2021 జూన్‌లో హైదరాబాద్‌లో మామూలు పెట్రోలే లీటరు వంద దాటింది, ప్రీమియం గురించి చెప్పక్కర్లేదు. కేఏ నంబరు బండి ఏడాదికి మించి ఇక్కడే ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. కర్ణాటక నుంచి ఎన్ఓసీ, తెలంగాణలో వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్, అక్కడ కట్టింది వాపసు కోసం మళ్లీ దరఖాస్తు, తిరుగుడు. ఇదంతా కొనేముందే ఆర్టీఏ ఏజెంటు ఎవరినడిగినా టీ తాగేలోపు చెప్పేవాడు. నేను అడగలేదు.

ఇన్ని ఉన్నా కారు నడపడంలో సుఖం ఉంటే సర్దుకునేవాణ్నేమో. నన్ను నిజంగా కంగారుపెట్టింది వేరే. ఒకసారి శ్రీశైలం వెళ్లాను. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అమ్రాబాద్ అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ రోడ్డు మూసేస్తారు కాబట్టి తెల్లారగట్ల బయల్దేరి గేటు తీసేసరికి అక్కడుండటం నాకు పాత అలవాటు. పోలోలో ఆ దారి నాకు పండుగ. దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగే మలుపుల్లో యాభై, అరవైలో వెళ్తున్నా కారుతో మాట్లాడుతున్నట్టే ఉండేది. ఎక్కడ టైరు పట్టు సడలబోతోందో, ఎప్పుడు గేరు దించాలో చేతికి తెలిసేది. కొత్త కారులో అదే మలుపు, అదే యాభై. ఏమీ లేదు. కారుకి ఆ వేగం ఒక లెక్కే కాదు. అది సరదాగా మారే వేగానికి వెళ్దామంటే ముందు మలుపులో కోతుల గుంపో, ఆర్టీసీ బస్సో ఉంటుంది. ఇటు ఔటర్ రింగ్ రోడ్డు మీద చూస్తే 158 కిలోమీటర్ల ఎనిమిది వరసల రోడ్డు, అప్పట్లో పరిమితి 100. ఏడు సెకన్లలో అక్కడికి చేరుకున్నాక ఇక కెమెరా చూసుకుంటూ కూర్చోవడమే.

ఆ శ్రీశైలం దారిలోనే అర్థమైంది. పోలోలో నాకు నచ్చింది వేగం అని ఇన్నేళ్లూ అనుకున్నాను. కాదు. 175 న్యూటన్ మీటర్ల టార్క్ 1500 ఆర్‌పీఎమ్‌కే వచ్చేసేది, అందువల్ల నలభైలో వెళ్తూ పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, బండి కదిలేది. చిన్నది కాబట్టి సందుల్లో దూరేది. బరువు పదకొండు వందల కిలోల పైచిలుకే. నేను రోజూ వెళ్లే వేగంలోనే అది మెలకువగా ఉండేది. ఆ కారులో నాకు ఇష్టమైనవి ఏవో ఒక్కసారైనా కూర్చుని రాసుకోకుండా, దాని బదులు ఏది కొనాలో వందసార్లు లెక్కలు వేశాను. ఏం పోగొట్టుకున్నానో తెలియనివాడికి దాని బదులు ఏం కావాలో ఎలా తెలుస్తుంది?

2023లో ఆ సెడాన్‌ని అమ్మేశాను. కొన్న ధరలో మూడో వంతు పోయింది, టైర్లూ ట్యాక్సులూ కాకుండా. కొన్నతను కర్నూలువాడు, వారం వారం హైవే మీద తిరిగే పని. ఆ కారుకి సరైన మనిషి దొరికాడని సంతోషించాను.

ఈసారి పట్టిక మా ఆవిడ రాసింది. మొదటి వరస: అత్తయ్య ఎక్కి దిగగలగాలి. రెండోది: స్పీడ్‌బ్రేకర్ దగ్గర నేను దిగను. మూడో వరసలో నా కోరికకి చోటిచ్చింది. అప్పటికి పోలో లేదు, 2022లోనే ఆపేశారు. ఐ20 ఎన్ లైన్ చూశాం. నిజాయితీగా చెప్పాలంటే పట్టిక ప్రకారం అది చాలు. నాకు మాత్రం ఇంజను ఇంకాస్త ఉంటే బాగుండుననిపించింది, పిచ్చి పూర్తిగా వదల్లేదన్నమాట. హ్యుందాయ్ వెర్నా టర్బో, 160 పీఎస్. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, 1.5 లీటర్లు, 150 పీఎస్. పవర్‌లో వెర్నాదే పైచేయి, పాత నేనైతే అక్కడితో తేల్చేసేవాణ్ని. ఈసారి రెండింటినీ మా సందులోకి తెప్పించాను. రెండూ ఆ దిమ్మ దాటాయి. అమ్మ రెండింట్లోనూ ఎక్కి దిగి, వర్టస్ సీటు బాగుందంది. దాని టైరు 205/55, లెక్కవేస్తే పక్కగోడ 113 మిల్లీమీటర్లు. పాత పోలోకి 111. ఇది చూసి నేను ఒక్కణ్నే షోరూమ్‌లో నవ్వుకుంటుంటే సేల్స్ కుర్రాడు అయోమయంగా చూశాడు. ఎక్స్‌షోరూమ్ ధర పది నుంచి ఇరవై లక్షల మధ్య కాబట్టి అప్పటి శ్లాబులో లైఫ్ ట్యాక్స్ 17 శాతం. చేతి గేర్లదే తీసుకున్నాను. కాగితం మీద లోపాలు లేకపోలేదు, వెనక డ్రమ్ బ్రేకులే. పోలోలా సందుల్లో దూరదు, నాలుగున్నర మీటర్ల పొడవు మరి. కానీ 250 న్యూటన్ మీటర్లు 1600 ఆర్‌పీఎమ్ నుంచే అందుతాయి, దోమలపెంట దగ్గర మళ్లీ చేతికి పని తగిలింది.

పిచ్చి తిరగబెట్టదని కాదు. 2025 మేలో గోల్ఫ్ జీటీఐ వచ్చింది, 265 పీఎస్, 53 లక్షలు. అక్టోబరులో కొత్త ఆక్టేవియా ఆర్‌ఎస్, 100 కార్లు మాత్రమే, ధర 50 లక్షలకి వెయ్యి తక్కువ. మన దగ్గర రోడ్డెక్కేసరికి ఏదైనా 60 లక్షల మాటే. వాటిని నేను కూడా రాత్రిపూట ఫోన్‌లో చూశాను, కాదనను. తర్వాత ఇంకో సంగతి చూశాను: మహీంద్రా బీఈ 6, బ్యాటరీ కారు, కంపెనీ చెప్పే లెక్క సున్నా నుంచి వందకి 6.7 సెకన్లు. గోల్ఫ్‌లో సగం ధరకి దొరుకుతుంది, పైగా తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకి లైఫ్ ట్యాక్స్ లేదు. నేను ఆస్తి కరిగించి రెండేళ్లు పోషించిన అంకె ఇప్పుడు పిల్లల్ని స్కూల్లో దింపే కారులో వస్తోంది. సెకన్లే కావాలనుకునేవాళ్లు పెట్రోలు కార్ల పట్టికలు ఇక చించేయవచ్చు.

మీరూ పాత బండి బదులు జోరైన బండి కోసం చూస్తున్నట్టయితే, షోరూమ్ వాళ్లు చూపించే రూటులో టెస్ట్ డ్రైవ్ చేయకండి. ఇంట్లోవాళ్లందర్నీ ఎక్కించుకుని మీ సందులోకి, మీ సెల్లార్ ర్యాంపు మీదికి, మీరు రోజూ ఇరుక్కునే సిగ్నల్ దాకా తీసుకెళ్లండి. అందుకు ఒప్పుకోని చోట కారు కొనకండి.